గోదావరికి సోమవారం సెలవు

కొత్తరేవులో ఈత కొలనుకీ గోదావరికీ మధ్య ఒక గోడ ఉంది. గోడకి ఇవతల రాష్ట్ర జలాపద రక్షణ మండలి వారి శిక్షణ కేంద్రం. అవతల నాలుగడుగులు వేస్తే రేవు. వరదల్లో కొట్టుకుపోయేవాళ్ళని కాపాడడానికి పుట్టిన మండలి కాబట్టి నది పక్కన స్థలం తీసుకున్నారు. నది పక్కన ఉండడం ప్రమాదం కాబట్టి గోడ కట్టారు. గోడ కట్టాక ఈత నేర్పడానికి నీళ్ళు లేవని కొలను తవ్వించారు.

ఆ ఏడు కొలనులో పన్నెండుమంది కొత్త రక్షకులు శిక్షణ పొందుతున్నారు. వాళ్ళలో వాసంశెట్టి నాగవేణి ఒకతె. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. కాకినాడలో చదువుకునేటప్పుడు ఈత మరిగి, రెండొందల మీటర్ల పందెంలో పతకాలు తెచ్చుకుని, ఆ పతకాలు చూపించి ఈ ఉద్యోగం తెచ్చుకుంది. కొలను అడుగున పొడుగునా ఒక నల్లగీత ఉంటుంది. నాగవేణికి ఆ గీత రైలుకి పట్టాలలాంటిది. దాని మీద కళ్ళు పెట్టి, పాతిక మీటర్లకోసారి గోడని తన్ని వెనక్కి తిరుగుతూ గంటసేపయినా ఆగకుండా ఈదగలదు. గీతా గోడా లేని నీళ్ళలో మాత్రం పుట్టి బుద్ధెరిగి దిగలేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం ఇచ్చినవాళ్ళు అడగనూ లేదు.

వేసవిలో రాజధాని నుంచి ఒక తనిఖీ అధికారి వచ్చాడు. మండలి నియమావళిని మొదటి పేజీ నుంచి చదివిన మొదటి మనిషి ఆయనే. పద్నాలుగో నిబంధన దగ్గర ఆగాడు. "ఏ స్థాయి ఉద్యోగి యైనను బహిరంగ జల సామర్థ్య ధ్రువపత్రము లేనిదే నదీ సముద్రాది బహిరంగ జలములందు దిగరాదు." పేజీ తిప్పాడు. పదిహేనో నిబంధన. "సదరు ధ్రువపత్రము బహిరంగ జలములందు నలుబది గంటల అభ్యాసము పూర్తి చేసినవారికి మాత్రమే జారీ చేయబడును." తొమ్మిదేళ్ళుగా ఆ రెండు నిబంధనలూ మాటల్లేని తోడికోడళ్ళలా ఒకే పుస్తకంలో కాపురం చేస్తున్నాయి. వాటి తగువు ఎవరికీ పట్టలేదు. తనిఖీ అధికారికి పట్టింది. శ్రావణమాసంలోగా ధ్రువపత్రాలు రాకపోతే పన్నెండుమందినీ ఉద్యోగాల్లోంచి తొలగించాలని రాసి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

కేంద్రానికి పెద్ద, సంయుక్త సంచాలకులు ఏకామ్రేశ్వరరావుగారు. ఆయన నోరు విప్పితే ఎదురుగా ఎవరో కూర్చుని ఉత్తర్వు రాసుకుంటున్నట్టే ఉంటుంది. మర్నాడే అందరినీ సమావేశపరిచారు.

"సమస్య యొక్క స్వరూపమును సభ్యులు గ్రహించవలెను," అన్నారు. "ధ్రువపత్రము లేనిదే నదిలో దిగరాదు. నదిలో దిగనిదే ధ్రువపత్రము లేదు. కావున కర్తవ్యమేమి?"

నాగవేణి వెనక బెంచీలోంచి లేచింది. "అయ్యా, గోదారి గోడవతలే ఉందండి. ఒక్క నలభై గంటలు ఆ నిబంధన సడలించారంటే..."

"సడలించుటకు అధికారము లేదు. పైపెచ్చు గోడ అవతల ఉన్నది నీటిపారుదల శాఖవారిది. కూర్చొనుము."

అప్పుడు సూపరింటెండెంటు గున్నేశ్వరరావుగారు గొంతు సవరించుకున్నారు. ఒక ఫైలు వేసిన ముడిని ఇంకో ఫైలు విప్పగలదని ముప్పై ఏళ్ళ సర్వీసులో నేర్చుకున్న మనిషి. "నియమావళిలో బహిరంగం అన్న మాటకి అర్థం ఇవ్వలేదండి. నిఘంటువు చూశానండి. బయట ఉన్నది, మూత లేనిది అని ఉందండి. మన కొలనుకి రేకుల కప్పుంది. ఆ కప్పు తీసేస్తే?"

గదిలో ఎవరైనా నవ్వుతారేమోనని నాగవేణి చుట్టూ చూసింది. ఒక్కరూ నవ్వలేదు. ఏకామ్రేశ్వరరావుగారి ముఖం మాత్రం వెలిగిపోయింది.

మూడోనాటికి కప్పు ఊడింది. రోహిణీకార్తె ఎండకి కొలను నీళ్ళు కాగులో నీళ్ళలా మరిగాయి. పన్నెండుమందీ వీపులు కాలుతుండగా బహిరంగంగా ఈదారు. ఆ సంగతి రాజధానికి రాస్తే, తనిఖీ అధికారి దగ్గర్నుంచి తిరుగు టపాలో జవాబొచ్చింది. "బహిరంగ జలమున నల్లగీత ఉండునా? అడుగు కనబడునా?"

అక్కడినుంచి కొలను మెమోకి ఒక మెట్టు చొప్పున నదిగా మారడం మొదలుపెట్టింది.

ముందు నల్లగీత మీద రంగు కొట్టారు. తర్వాత నీళ్ళు మసకగా ఉండాలని నాలుగు ట్రాక్టర్ల ఒండ్రుమట్టి తెప్పించారు. గోడవతల గోదావరి నిండా ఒండ్రే. కానీ అది వేరే శాఖవారి ఒండ్రు కాబట్టి, ముప్పై కిలోమీటర్ల అవతల చెరువులోంచి తవ్వించి, రాళ్ళు గుచ్చుకుంటాయని జల్లెడ పట్టించి మరీ పోశారు. ఆ పైన గుర్రపుడెక్క. ఆ పైన ప్రవాహం కోసం ఒక చివర రెండు ఆయిల్ ఇంజన్లు. అలల కోసం రెండో చివర నలుగురు అటెండర్లు చెక్కలు పట్టుకుని నిలబడి, ఈల వినబడగానే నీళ్ళని తోసేవారు. వాళ్ళకి తరంగ సహాయకులని పేరు పెట్టారు. వాళ్ళు భోజనానికి వెళ్ళిన గంటా గోదావరి శాంతించినట్టు రిజిస్టరులో రాసేవారు.

చివరికి అనూహ్య అవరోధం ఉండాలన్నారు. నదిలో ఈదేవాళ్ళకి ఏదో ఒకటి ఎదురు తగలడం సహజం కదా. గున్నేశ్వరరావుగారు బాగా ఆలోచించి ఒక గేదెని మాట్లాడుకొచ్చారు. అయితే కొలను ద్వారం దగ్గర బోర్డు ఇంకా అలాగే ఉంది. టోపీ లేనిదే ప్రవేశం లేదు, జల్లుస్నానం చేయనిదే దిగరాదు.

"గేదెకి కూడానా అండి?" అని కాపలావాడు అడిగాడు.

"బోర్డు మీద మనుషులకి మాత్రమే అని ఉందా?" అన్నారు గున్నేశ్వరరావుగారు.

మూడు టోపీలు కలిపి కుట్టి, కొమ్ములకి కన్నాలు పెట్టి, గేదెకి తొడిగారు. అది జల్లు కింద కళ్ళు మూసుకుని నిలబడి, తర్వాత హుందాగా మెట్లు దిగింది. అది నదే అని మనస్ఫూర్తిగా నమ్మింది ఆ గేదె ఒక్కటే. సాయంత్రం అయిదుకి ఈల వేస్తే అందరూ బయటికొచ్చేవారు గానీ అది వచ్చేది కాదు.

నాగవేణి పని రోజురోజుకీ అధ్వానమయింది. బురద నీళ్ళలో గోడ కనబడదు. లోకంలో ఏ నదికీ పాతిక మీటర్లకోసారి సిమెంటు గోడ ఉండదు గానీ ఈ నదికి ఉంది. మొదటి వారంలోనే అయిదుగురికి తలలు బొప్పి కట్టాయి. దాని మీదా మెమో వచ్చింది. "గోడ తగిలినచో దానిని ఆవలి ఒడ్డుగా భావించి సంతోషించవలెను."

బొప్పి కట్టినచోట తడిగుడ్డ అద్దుకుంటూ నాగవేణి ఆలోచించింది. గంటలు నిండుతాయి, ధ్రువపత్రం వస్తుంది, ఉద్యోగం ఉంటుంది. ఆ తర్వాత వరద కూడా వస్తుంది. అప్పుడు దిగాల్సింది ఇందులో కాదు. అటువైపు మనిషి మునుగుతుంటే ఇటువైపు తను గీత కోసం వెతుక్కుంటుందా?

సెలవు రోజు పొద్దున్నే రోడ్డు మీదుగా గోడ చుట్టూ తిరిగి రేవుకి వెళ్ళింది. గట్టు మీద కూర్చుని నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. రేవులో పడవ నడిపే పల్లాలమ్మ అటూ ఇటూ రెండు దాట్లు తిప్పి వచ్చినా ఈ పిల్ల అలాగే కూర్చుని ఉంది. మొగుడికి మోకాళ్ళు పడిపోయినప్పటినుంచీ ఏటి మధ్య నువ్వుల్లంకకి జనాన్ని చేరవేసేది పల్లాలమ్మే. యాభై దాటిన మనిషి, తెడ్డులాంటి చేతులు.

"ఏమ్మా, గోడలోపలి పిల్లవి కదా? ఈతొచ్చా నీకు?"

"వచ్చు అత్తా. పతకాలు కూడా వచ్చాయి."

"మరి ఒడ్డున కూకున్నావేం?"

నాగవేణి అబద్ధం ఆడదామనుకుంది. నోరు రాలేదు. "అడుగు కనబడట్లేదత్తా."

"అడుగుతో నీకేం పనే? నువ్వీదేది పైనే కదా!"

పల్లాలమ్మ పడవని మెల్లగా ముందు పోనిచ్చింది. నాగవేణి పక్కనే దిగింది. పది బారలు బాగానే వేసింది. అలవాటు కొద్దీ కిందికి చూసింది. కింద ఏమీ లేదు. పచ్చటి చీకటి. అంతే, ఊపిరి కురచయిపోయింది. కాళ్ళు బరువెక్కాయి. మెత్తగా ఏదో చీలమండకి చుట్టుకుంది. కెవ్వుమని అరిచి పడవ అంచు పట్టుకుంది. రెండొందల మీటర్ల పతకం మనిషి పాతిక మీటర్లు కూడా రాలేకపోయింది.

పల్లాలమ్మ ఓదార్చలేదు. చుట్ట తీసి తాపీగా ముట్టించింది. "అది నాచు. కరవదు. కాసేపు అలాగే ఏలాడు. నీల్లేమీ నిన్ను తొందరపెట్టట్లేదు కదా."

వేలాడింది. ఊపిరి దారికొచ్చింది. మళ్ళీ దిగింది.

ఆ తర్వాత నెలన్నర పాటు నాగవేణి పొద్దున్న అయిదింటికి గోదావరిలోనూ, తొమ్మిదింటికి గేదె పక్కనా ఈదింది. కొలనులో తల ఎత్తడం తప్పని నేర్పారు. ఇక్కడ పది బారలకోసారి మొసలిలా కళ్ళు పైకి పెట్టి అవతలి ఒడ్డున ఇటుకబట్టీ గొట్టం ఎక్కడుందో చూసుకోవాలి. లేకపోతే తిన్నగానే ఈదుతున్నాననుకుంటూ పోయి శ్మశానం రేవులో తేలుతుంది. ఒకసారి తేలింది కూడా. కుడివైపు గాలి కొట్టినప్పుడు ఎడమవైపు ఊపిరి తీసుకోవడం నేర్చుకుంది. ఎగువ వానలకి ఎర్రనీరు మొదలయ్యాక పల్లాలమ్మ ఒక కొబ్బరికాయని ఏట్లో విసిరేసి తెమ్మంది. నాగవేణి సూటిగా దాని మీదికి ఈదింది. అది ముందు, తను వెనక. ఎంతకీ అందలేదు.

"కాయున్న సోటికి ఎల్తే కాయందదే, పిచ్చిదానా! కాయ ఎక్కడికి పోద్దో సూసుకుని నువ్వక్కడికి ముందరెల్లి కూకో. గోదారితో దెబ్బలాడి గెలిచినోడు లేడు. దాన్తో కలిసి ఎల్లాల."

ఇంతలో కేంద్రంలో నలభై గంటలూ నిండాయి. కొలనుకి "బహిరంగ జల క్షేత్రం" అని శిలాఫలకం చెక్కించి, రాజధాని నుంచి కమిషనరుగారిని పిలిచారు. ఆయన వచ్చి గుడ్డ తొలగించి, గేదెకి నమస్కారం పెట్టబోయి సర్దుకుని, ఉపన్యాసం ఇచ్చి వెళ్ళిపోయారు. విలేకరులు మిగిలారు. అసలు నదినీ, కొత్త నదినీ పోల్చి చూపే ఫొటో ఒకటి కావాలన్నారు. ఏకామ్రేశ్వరరావుగారు ఉత్సాహపడి, అందరినీ వెంటబెట్టుకుని రేవుకొచ్చారు.

"నీటియందు దిగుట నిషిద్ధము. పడవయందు దిగుట నిషిద్ధము కాదు," అంటూ పల్లాలమ్మ పడవెక్కారు. ఏటి మధ్యకి వెళ్ళాక, ఫైలు చంకలో పెట్టుకుని నిలబడ్డారు.

"కూకోండి బాబూ, నీటి వాలు జోరుగుంది," అంది పల్లాలమ్మ.

"ఫొటోయందు అధికారి నిలబడియే ఉండవలెను," అన్నారాయన. ఆ మాటకి బలం చేకూర్చడానికి ఒక కాలు ముందుకి వేశారు. పడవ ఆ కాలివైపే ఒరిగింది. సంయుక్త సంచాలకులు ఫైలుతో సహా బహిరంగ జలంలో దిగారు. పల్లాలమ్మ పడవని నిలవరించుకునేలోగా వాలుకి కొట్టుకుపోయారు.

గట్టు మీద పన్నెండుమంది రక్షకులు. పదకొండుమంది గున్నేశ్వరరావుగారి ముఖం చూశారు. ఆయన నియమావళి తిరగేస్తున్నారు. "ధ్రువపత్రాలు ఇంకా సంతకం కాలేదర్రా! సంతకం పెట్టాల్సినాయనే... ఆయనే..."

నాగవేణి దూకేసింది. నీళ్ళు ఎర్రగా, కళ్ళకి జానెడు దూరం కూడా కనబడకుండా ఉన్నాయి. భయం వేసింది. చేతులు మాత్రం ఆగలేదు. తలెత్తి చూసింది. తెల్లచొక్కా ఒకసారి తేలి మునిగింది. దానికేసి వెళ్ళలేదు. దానికి దిగువన, అది చేరబోయే చోటికి ఏటవాలుగా ఈదింది. ఆయన తేలుతూ వచ్చి సరిగ్గా ఆమె చేతికి తగిలారు. వెనకనుంచి చంకల కింద చెయ్యి వేసి, ముఖం పైకెత్తి, ప్రవాహంతోపాటే జారుతూ ఫర్లాంగు దిగువన ఇసుకమేట ఎక్కించింది.

ఆయన బోర్లాపడి చాలాసేపు దగ్గారు. చివరికి కళ్ళు తెరిచారు.

"నీకు... ధ్రువపత్రము... ఉన్నదా?"

"లేదండి."

"మరి ఎట్లు దిగితివి?"

"తమరు దిగారు కదండీ."

మర్నాడు పత్రికలన్నిటిలోనూ ఫొటో పడింది. అయ్యగారి కాళ్ళు పైకీ తల కిందికీ ఉన్న ఫొటో. కాదనడానికి వీల్లేదు. విచారణ సంఘం కూర్చుంది. నాగవేణిని అనుమతి లేకుండా నదిలో దిగినందుకు సంజాయిషీ అడిగారు. ఉద్యోగం పోయినట్టేనని ఆమె పెట్టె కూడా సర్దుకుంది. అయితే పద్నాలుగో నిబంధనలో "ఏ స్థాయి ఉద్యోగి యైనను" అన్న మాట సంఘానికి అడ్డం వచ్చింది. ఆమె తప్పు చేస్తే, ఆమెకన్నా ఒక నిమిషం ముందు ఆయన అదే తప్పు చేశారు.

మూడు రోజులు సంఘం తల పట్టుకుంది. నాలుగోనాడు గున్నేశ్వరరావుగారు రెండో నిబంధన పట్టుకొచ్చారు. "కొలను అనగా మండలివారు కొలనుగా ప్రకటించిన ఏ జలభాగమైనను." సంఘం ఊపిరి పీల్చుకుంది. రేవు నుంచి ఇటుకబట్టీ దాకా ఉన్న గోదావరిని ఈత కొలనుగా ప్రకటిస్తూ, అయ్యగారు పడడానికి ముందురోజు తారీఖు వేసి ఉత్తర్వు జారీ చేశారు. కొలనులో ఎవరు పడినా, ఎవరు ఎవరిని బయటికి లాగినా తప్పు లేదు. నీటిపారుదల శాఖకి ఒక ప్రతి పంపితే, వాళ్ళు చదవకుండా అందినట్టు ముద్ర కొట్టి తిప్పి పంపారు.

మరి గోడలోపలి కొలను? అది బహిరంగ జలమని రాతి మీద చెక్కి ఉంది. అందులో పన్నెండుమందికీ నలభై గంటలు నిండాయి. కాబట్టి అందరికీ ధ్రువపత్రాలొచ్చాయి. ఆ విధంగా మండలి రికార్డుల్లో గోదావరి కొలనూ, కొలను గోదావరీ అయ్యాయి. గేదె గోదావరిలోనే ఉండిపోయింది.

ఉద్యోగం నిలిచిన సంతోషం నాగవేణికి ఎంతోసేపు లేదు. ఆ మధ్యాహ్నమే రేవులో బోర్డు పాతారు. టోపీ లేనిదే గోదావరిలో ప్రవేశం లేదు. జల్లుస్నానం చేయనిదే దిగరాదు. తినుబండారములు తేరాదు. పడవలు నిషేధం. శుభ్రపరచుట నిమిత్తం సోమవారం సెలవు.

నాగవేణి చదివి వినిపిస్తే పల్లాలమ్మ చుట్ట కింద పడేసింది. "సోమారం గోదారికి సెలవేంటే! మరి ఆ రోజు నీల్లెక్కడికెల్తాయి? లంకలో జనం సంతకెలా వత్తారు? నా పడవేం చెయ్యను, పొయ్యిలో పెట్టనా?"

నాగవేణి ఆ రాతని మళ్ళీ మొదటినుంచి చదివింది. మండలిలో ఏడాది ఉన్నాక ఆమెకీ కొంత భాష అబ్బింది. ఆఫీసుకి వెళ్ళి ఒక ఫారం నింపింది. కొలను శుభ్రపరచు కొయ్య పరికరం ఒకటి, నడుపు మనిషితో సహా, వారంలో ఏడు రోజులూ అవసరమని రాసింది. గున్నేశ్వరరావుగారు చదివి, కళ్ళజోడు మీంచి ఆమెకేసి చూసి ముద్ర కొట్టారు. ఆ పేరుతో పల్లాలమ్మ పడవ మళ్ళీ తిరిగింది. మొదట్లో సోమవారం నాడు జనం గట్టు మీద తటపటాయించేవారు. పరికరం ఎక్కొచ్చా అని అడిగి మరీ ఎక్కేవారు.

ఇంకో మేలు కూడా జరిగింది. గోదావరి కొలనే కాబట్టి దిగడానికి ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు. నాగవేణి మిగతా పదకొండుమందినీ రోజూ పొద్దున్న రేవుకి తీసుకొచ్చింది. వాళ్ళూ అడుగు కోసం చూసి కెవ్వుమన్నారు. వాళ్ళూ పడవ అంచున వేలాడారు. శ్మశానం రేవులో తేలారు. పల్లాలమ్మ కొబ్బరికాయలు విసురుతూ, తిడుతూ, వాళ్ళని మూడు వారాల్లో ఏటికి అలవాటు చేసింది.

శ్రావణం రెండో వారంలో వరద వచ్చింది. తెల్లారేసరికి రేవు మెట్లు లేవు, బోర్డు లేదు, ఇటుకబట్టీకి గొట్టం మాత్రం మిగిలింది. నువ్వుల్లంకలో అరవై మూడుమంది బడి డాబా మీదికి చేరారు. పల్లాలమ్మ పడవా, ఇంకో రెండు పడవలూ, పన్నెండుమంది రక్షకులూ తాళ్ళు నడుముకి కట్టుకుని బయల్దేరారు. ఎగువకి గురిపెట్టి, దిగువకి జారుతూ, గొట్టం చూసుకుంటూ పొద్దున్నుంచి అయిదు దాట్లు తిప్పారు. ఒక బాలింతని పసిగుడ్డుతో సహా నాగవేణి నీళ్ళలోంచే పడవకి అందించింది. మధ్యాహ్నానికి డాబా మీద తొమ్మిదిమంది మిగిలారు.

ఆరో దాటుకి పడవ తిప్పుతుంటే, గట్టు మీద మోకాలిలోతు నీళ్ళలో గున్నేశ్వరరావుగారు గొడుగుతో పరిగెత్తుకొచ్చారు. చేతిలో కాగితం.

"రాజధాని నుంచి మెమో అమ్మా! ఇప్పుడే వచ్చింది. గంటలో సమాధానం పంపమన్నారు. అయ్యగారికి జ్వరం, నేనేం రాయను?"

నాగవేణి జడ పిండుకుంటూ చదివింది. "మీ కేంద్రపు ఈత కొలనునందు నీటిమట్టము అనుమతించబడిన ఆరడుగులకు మించి నలుబది అడుగులకు చేరినట్లును, కొలను నీరు పరిసర గ్రామములలోనికి పొర్లుచున్నట్లును తెలియవచ్చినది. నీరు వదలు కుళాయిని తక్షణమే కట్టివేసి, తెరచి ఉంచిన బాధ్యుల పేర్లు తెలియజేయవలెను."

"ఏవంటారే?" అని పడవలోంచి అరిచింది పల్లాలమ్మ.

"కుళాయి కట్టెయ్యమంటున్నారత్తా."

"కడదాంలే. ముందెక్కు."

నాగవేణి ఆయన జేబులోంచి కలం తీసుకుని, కాగితం ఆయన వీపు మీదే పెట్టి, వెనకవైపు నాలుగు ముక్కలు గీకింది. కలం తిరిగి జేబులో పెట్టి, తెడ్డు అందుకుని పడవెక్కింది. గున్నేశ్వరరావుగారు గొడుగు చంకలో ఇరికించుకుని, తడిసిన అక్షరాల్ని కూడబలుక్కున్నారు.

"అయ్యా, మెమో అందింది. కుళాయి నాసిక్ దగ్గర ఉన్నట్టు తెలిసింది. కట్టడానికి మనిషిని పంపండి. మేమిక్కడ పనిలో ఉన్నాం."